ఫొటో కింద ఎవరి పేరు?

గోడకి తల ఆన్చి ఒక అమ్మాయి నిలబడి ఉంది. కళ్లు వాలిపోయి ఉన్నాయి. గౌను భుజం మీంచి కొంచెం జారింది. ఒక చేతివేళ్లు మెళ్లోని గొలుసును పట్టుకుని ఉన్నాయి, తెంపుతాయా వదిలేస్తాయా అన్నట్టు. 1864లో ఇంగ్లండ్ దక్షిణ తీరానికి ఎదురుగా ఉన్న వైట్ ద్వీపంలో జూలియా మార్గరెట్ కామెరన్ తీసిన ఈ ఫొటోకి ‘విషాదం’ అని పేరు. అది ఫొటో పేరు. అమ్మాయి పేరు ఎలెన్ టెర్రీ. తనకంటే ముప్ఫై ఏళ్లు పెద్దవాడైన చిత్రకారుడు జి.ఎఫ్. వాట్స్‌తో అప్పుడే పెళ్లయింది. ఏడాది తిరక్కుండానే ఆ కాపురం ముక్కలైంది.

దాదాపు 50 ఏళ్ల తర్వాత, 1913 జనవరిలో, న్యూయార్క్ నుంచి వెలువడే ‘కెమెరా వర్క్’ పత్రిక ఆ ఫొటోను మళ్లీ అచ్చువేసింది. ఈసారి దానికి పెట్టిన పేరు ‘ఎలెన్ టెర్రీ, పదహారేళ్ల వయసులో’. ఫొటోలో ఏమీ మారలేదు. మధ్యలో జరిగిందల్లా ఆ అమ్మాయి ఇంగ్లండ్ రంగస్థలం మీద పేరు తెచ్చుకోవడమే. పేరున్న మనిషికి ఫొటో కింద కూడా పేరు దొరికింది.

కెమెరాతో తీసిందీ కళేనని పోట్లాడిన తొలి తరాల పనిని చూసేటప్పుడు చూపు ఎప్పుడూ ముఖం మీదికే పోతుంది. వెలుగు ఎటు నుంచి పడింది, చూపులో ఏముంది, జుట్టు ఎలా ఉంది. కాసేపు ముఖాన్ని వదిలేసి కింద రాసిన మాటలు చదివితే వేరే కథ బయటపడుతుంది. మగవాళ్ల ఫొటోల కింద వాళ్లెవరో ఉంటుంది. ఆడవాళ్ల ఫొటోల కింద వాళ్లు దేనికి గుర్తో ఉంటుంది.

కామెరన్ కలకత్తాలో పుట్టిన మనిషి. 1863 డిసెంబరులో, 48 ఏళ్ల వయసులో, కూతురూ అల్లుడూ ఆమెకు కెమెరా బహుమతిగా ఇచ్చారు. వైట్ ద్వీపంలోని ఫ్రెష్‌వాటర్ ఊళ్లో తమ ఇంటి కోళ్ల గూడు స్టూడియో అయింది, బొగ్గుల కొట్టు డార్క్‌రూమ్ అయింది. అప్పటి పద్ధతి తడి పలకది. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రావకం పూసి, సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే ఫొటో తీసి, వెంటనే కడిగెయ్యాలి. ఆలస్యమైతే పలక పనికిరాదు. చేతులు నల్లబడతాయి, బట్టలు పాడవుతాయి. అంత హడావిడిలో, ఎదురుగా ఉన్న మనిషి నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవాలి.

ఆమె ఫొటోలు మసకగా ఉన్నాయని అప్పటి ఫొటోగ్రాఫర్లు ఎగతాళి చేశారు. దానికి తర్వాత ఆమె రాసుకున్న జవాబు సూటిగా ఉంటుంది. లెన్సు తిప్పుతూ ఉండగా తన కంటికి అందంగా అనిపించిన చోట ఆగిపోయేది. అందరూ అడిగే పదును కోసం ఇంకా తిప్పేది కాదు.

తన మొదటి విజయం అని ఆమె చెప్పుకున్న ఫొటో 1864 జనవరిలో తీసిన ఆనీ అనే చిన్నపిల్లది. అది కుదిరిన సంతోషంలో పిల్లకి ఇవ్వడానికి ఏదైనా దొరుకుతుందేమోనని కామెరన్ ఇల్లంతా వెతికిందట. ఆ ఫొటోను పూర్తిగా ఆ పిల్లే తయారుచేసినట్టు అనిపించిందని రాసింది. ఎదురుగా కూర్చున్న మనిషికి కూడా ఫొటోలో వాటా ఉందని ఇంత తేటగా ఒప్పుకున్న ఫొటోగ్రాఫర్లు ఆ కాలంలో అరుదు. మరి ఆ వాటా పెద్ద ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఏమైంది?

కవి టెన్నిసన్, రచయిత కార్లైల్, డార్విన్, ఖగోళ శాస్త్రజ్ఞుడు హెర్షెల్: వీళ్లంతా ఆమె కెమెరా ముందు తమ తమ పేర్లతోనే కూర్చున్నారు. ఇంట్లో పనిచేసే మేరీ హిల్లియర్ మాత్రం మేరీ హిల్లియర్‌గా కూర్చోలేదు. ఒకరోజు మరియమ్మ, ఒకరోజు ఏదో దేవదూత, ఇంకోరోజు గ్రీకు కవయిత్రి సాఫో. ఎన్నిసార్లు మరియమ్మ అయిందంటే, ఊళ్లోవాళ్లు ఆమెను ‘మేరీ మడోన్నా’ అనే పిలిచేవారు. మగవాళ్లు వేషాలు వెయ్యలేదని కాదు. కవి హెన్రీ టేలర్ షేక్‌స్పియర్ నాటకంలోని ప్రాస్పెరోగా నిలబడ్డాడు. కానీ ఆయనకు వేషం తీసేశాక మిగిలే పేరు ఉంది. అది వేరే ఫొటోల కింద ఉంది.

ఆ ప్రాస్పెరో పక్కన అతని కూతురు మిరాండాగా నిలబడ్డ అమ్మాయి మేరీ రయన్. లండన్ దగ్గర పట్నీలో తల్లితో కలిసి బిచ్చమెత్తుకుంటుంటే కామెరన్ చేరదీసి, చదువు చెప్పించి, ఇంట్లో పనికి పెట్టుకుంది. హెన్రీ కాటన్ అనే కుర్రాడు లండన్‌లో కామెరన్ ఫొటోల ప్రదర్శనకు వచ్చి ఈ అమ్మాయి మీద మనసు పడ్డాడు. 1867లో పెళ్లి చేసుకుని ఇండియాకి సివిల్ సర్వీసు ఉద్యోగానికి వచ్చాడు. 1904లో బొంబాయిలో జరిగిన భారత జాతీయ కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షత వహించిన సర్ హెన్రీ కాటన్ ఆయనే. మన కాంగ్రెస్ చరిత్ర పుస్తకాల్లో ఆయన పేరు ఉంటుంది. మిరాండా సంగతి ఉండదు.

ఆ రోజుల్లో బొమ్మల లోకంలో కూడా కులాల్లాంటి మెట్లు ఉండేవి. పురాణాలు, బైబిలు కథలు పై మెట్టు. ఉన్న మనిషిని ఉన్నట్టు దించడం కింది మెట్టు. ఫొటోగ్రఫీకి ఆ కింది మెట్టు మీద కూడా చోటివ్వడానికి పెద్దలు సిద్ధంగా లేరు. పై మెట్టెక్కాలంటే కథ కావాలి, కథకి పాత్రలు కావాలి. గంటల తరబడి కూర్చోమంటే కాదనలేనివాళ్లు ఇంట్లో పనిమనుషులు, చుట్టాల ఆడపిల్లలు. ఫొటోగ్రఫీ కళ అనిపించుకోవడానికి వాళ్ల ముఖాలు పెట్టుబడి అయ్యాయి. పెట్టించింది కూడా ఒక ఆడమనిషే కావడం ఈ కథను కొంచెం చిక్కు చేస్తుంది. ఫొటోగ్రాఫర్‌గా తన పేరు నిలబెట్టుకోవడానికి ఆమె కూడా పోట్లాడాల్సి వచ్చింది మరి.

కామెరన్ పాత్రల్లోకి దాదాపుగా దించకుండా తీసిన ఒక స్త్రీ ఉంది. కామెరన్ అక్కచెల్లెళ్లలో ఒకరి కూతురు జూలియా జాక్సన్. 1867లో, 21 ఏళ్ల వయసులో తీసిన ఫొటోల్లో ముఖం నేరుగా మనవైపే చూస్తుంది. సగం వెలుగులో, సగం చీకట్లో. నగ లేదు, మేలిముసుగు లేదు. ఇక్కడైనా పేరు నిలిచిందా అంటే అదీ పూర్తిగా లేదు. కొన్ని ప్రింట్ల కింద జూలియా జాక్సన్, కొన్నిటి కింద ‘నా చెల్లెలి కూతురు జూలియా’. ఆ మే నెలలో పెళ్లయ్యాక అవే కళ్లు ‘మిసెస్ హెర్బర్ట్ డక్‌వర్త్’ అయ్యాయి. భర్త చనిపోయి, మళ్లీ పెళ్లయ్యాక మిసెస్ లెస్లీ స్టీఫెన్. ఆ రెండో పెళ్లిలో పుట్టిన కూతురు రచయిత్రి వర్జీనియా వుల్ఫ్. పాత ఫొటోల వెనక ‘ఫలానా వారి భార్య’ అన్న రాత చూసిన మన ఇళ్లవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు.

1926లో వుల్ఫ్ తన సొంత ప్రచురణ సంస్థ నుంచి కామెరన్ ఫొటోల పుస్తకం తెచ్చింది. దాని పేరులోనే విభజన ఉంది: ప్రముఖ పురుషులు, అందమైన స్త్రీలు. వుల్ఫ్ ఆ మాటల్ని చిరునవ్వుతోనే పెట్టి ఉండాలి. అయినా లెక్క సరిపోయింది.

ఇదే కాలంలో హైదరాబాద్‌లో వేరే పద్ధతి నడిచింది. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ 1892లో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టాడు. చుట్టూ ఎత్తయిన గోడలు, మగవాళ్లకు ప్రవేశం లేదు. ఫొటోలు తీసే బాధ్యత మిసెస్ కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల వనితది. (ఆమె కూడా చరిత్రలో భర్త ఇంటిపేరుతోనే మిగిలింది.) దీన్ని కళా ఫొటోగ్రఫీ అనలేం, అది స్టూడియో వ్యాపారం. కానీ పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ఫ్రెష్‌వాటర్‌లో ముఖాన్ని లోకానికి చూపించి పేరును దాచేశారు. హైదరాబాద్‌లో ముఖాన్నీ పేరునూ రెండిటినీ గోడల లోపలే ఉంచారు. ఆ ఫొటో ఎవరిదో చూడాల్సిన ఇంటివాళ్లకి తెలుసు. తెలియాల్సిన అవసరం ఇంకెవరికీ లేదన్నది ఆ ఏర్పాటు.

ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేసరికి కళా ఫొటోగ్రఫీ కేంద్రం న్యూయార్క్‌కి మారింది. ఫొటోగ్రాఫర్ ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ 1902లో ఫొటో-సెసెషన్ అనే బృందాన్ని పెట్టి, 1903లో ‘కెమెరా వర్క్’ పత్రిక మొదలుపెట్టాడు. మొదటి సంచికను గెర్ట్రూడ్ కేసెబియర్‌కి కేటాయించాడు. ముగ్గురు పిల్లల్ని పెంచి, నడివయసులో చదువుకుని, స్టూడియో పెట్టి డబ్బు సంపాదించిన మనిషి ఆమె. స్టూడియోలో గీసిన తెరలు, బొమ్మ స్తంభాలు తీసి పారేసింది. వచ్చినవాళ్లతో మాట్లాడుతూ, వాళ్లు సర్దుకున్నాక తీసేది. పోర్ట్రెయిట్ అంటే ఒక జీవితచరిత్రలా ఉండాలని ఆమె పట్టుదల.

అయినా 1899లో తీసిన ఆమె ప్రసిద్ధ ఫొటో పేరు బైబిల్లోంచి వచ్చింది: ‘స్త్రీలలో నీవు ఆశీర్వదింపబడినదానవు’. తెల్లటి వదులు గౌనులో తల్లి, గుమ్మంలో నిటారుగా నిలబడ్డ చిన్న కూతురు, కూతురి భుజం మీద తల్లి చెయ్యి. ప్లాటినం కాగితం మీద తెలుపులో ఎన్ని తెలుపులుంటాయో అన్నీ కనిపిస్తాయి. ప్లాటినం ప్రింట్‌లో బొమ్మ కాగితం పైన పొరలా కాకుండా నారలోనే ఇంకి ఉంటుంది, అందుకే మెరుపు ఉండదు, మెత్తదనం ఉంటుంది. ఆ తల్లి ఆగ్నెస్ లీ, కవయిత్రి. కూతురు పెగ్గీ. ఆ పిల్ల ఎంతో కాలం బతకలేదు. 1904లో కేసెబియర్ అదే తల్లిని ఆరుబయట ఒంటరిగా కూర్చోబెట్టి తీసింది. దాని పేరు ‘మాతృత్వపు వారసత్వం’. ఆ దుఃఖం ఒకే ఒక్క మనిషిది, దానికొక పేరున్న పిల్ల కారణం. పేరు పెట్టేసరికి అది లోకంలోని తల్లులందరిదీ అయిపోయింది. ఇలా పెద్దది చెయ్యడం గౌరవమే అనుకున్నారు అప్పట్లో. ఇప్పుడు చూస్తే అది గౌరవమో, మనిషిని పక్కకి నెట్టడమో తేల్చుకోవడం కష్టం.

‘కెమెరా వర్క్’ మొదటి సంచికలో కేసెబియర్‌దే ఇంకో ఫొటో ఉంది. చేతిలో చిన్న కూజా పట్టుకుని ముందుకు వంగి సూటిగా చూస్తున్న అమ్మాయి. పేరు ‘మిస్ ఎన్’. పొడి అక్షరం. ఆమె ఎవెలిన్ నెస్బిట్, కళాకారులకు మోడల్, నాటకాల్లో నర్తకి. 1906లో ఆమె భర్త హ్యారీ థా, ఆర్కిటెక్ట్ స్టాన్‌ఫర్డ్ వైట్‌ను అందరి ముందూ కాల్చి చంపాక ఆ పేరు దేశమంతా మారుమోగింది.

కేసెబియర్ పనిలో వీటికి భిన్నంగా నిలిచేవి 1898లో తీసిన జిట్కాలా-షా ఫొటోలు. యాంక్టన్ డకోటా తెగకు చెందిన ఈ యువతి వయొలిన్ వాయించేది, తర్వాత రచయిత్రి అయింది. పుట్టినప్పటి పేరు గెర్ట్రూడ్ సిమన్స్. ‘ఎర్ర పిట్ట’ అని అర్థం వచ్చే జిట్కాలా-షా అన్నది తనకు తాను పెట్టుకున్న పేరు. ఫొటోల్లో ఒకసారి తెగ దుస్తుల్లో, ఒకసారి తెల్లగౌనులో, ఒకసారి చేతిలో వయొలిన్, ఒకసారి పుస్తకం. ఏది వేషం, ఏది అసలు అని అడిగితే రెండూ ఆమెవే. చూసేవాళ్లు ఏదో ఒకటి ఎంచుకోవాలన్న అవకాశం ఇవ్వలేదు. ఈ తరంలో కూర్చున్న మనిషి మాట బాగా వినబడే పోర్ట్రెయిట్లు ఇవేనని చెప్పొచ్చు.

స్టీగ్లిట్జ్‌కి కేసెబియర్ స్టూడియో వ్యాపారం మీద చిన్నచూపు పెరిగింది. 1912లో ఆమె బృందం వదిలి వెళ్లిపోయింది. పత్రిక కూడా సన్నగిల్లింది. వెయ్యికి దగ్గరగా ఉన్న చందాదారులు చివరికి 37 మంది మిగిలారు. 1917 జూన్ నాటి ఆఖరి సంచికను యువకుడు పాల్ స్ట్రాండ్‌కి ఇచ్చారు. అందులో న్యూయార్క్ వీధిలో 1916లో తీసిన ఒక స్త్రీ ఫొటో ఉంది. మసక లేదు, పురాణం లేదు, మరియమ్మ లేదు. రాతిగోడ ముందు ఒక ముఖం, ఒక కన్ను మూసుకుపోయింది, ఇంకో కన్ను పక్కకి తిరిగింది. మెళ్లో వేలాడే పలక మీద పెద్ద అక్షరాలతో ఒకే మాట: ‘అంధురాలు’. వీధిలో మనుషుల్ని వాళ్లకి తెలియకుండా తియ్యడానికి స్ట్రాండ్ కెమెరాకి ఉత్తుత్తి లెన్సు బిగించేవాడు. ఆ లెన్సు ఒకవైపు చూస్తుంటే అసలు లెన్సు ఇంకోవైపు చూసేది. ఈమె విషయంలో ఆ జాగ్రత్త కూడా అక్కర్లేదు.

ఆధునిక ఫొటోగ్రఫీ ఈ ఫొటోతో మొదలైందని చాలామంది అంటారు. అన్నందుకు కారణం ఉంది. కానీ పేరు సంగతిలో మాత్రం పాత పద్ధతే కొనసాగింది. ‘విషాదం’ అని కామెరన్ కింద రాసింది, ఇక్కడ రాత ఫొటోలోకే వచ్చేసింది. మనిషి ఎవరో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

ఆ 1917లోనే స్టీగ్లిట్జ్ తన గ్యాలరీలో చిత్రకారిణి జార్జియా ఓకీఫ్ బొమ్మల ప్రదర్శన పెట్టి, ఆమెను ఫొటోలు తియ్యడం మొదలుపెట్టాడు. 1918లో ఆమె న్యూయార్క్ వచ్చేసింది. ఆయనకి 54, ఆమెకి 30. 1924లో పెళ్లి. 1937 వరకు తీసిన ఫొటోలు మూడొందలు దాటాయి. ఇవన్నీ కలిపి ఒకే పోర్ట్రెయిట్ అన్నాడు స్టీగ్లిట్జ్. ఒక మనిషిని ఒక్క ఫొటోలో పట్టలేం కాబట్టి ముఖం, చేతులు, మెడ, పాదాలు, ఏళ్ల తరబడి, ఏ భాగానికి ఆ భాగం తియ్యాలన్నది ఆలోచన. ఆలోచన గొప్పదే.

1919 నాటి ఒక ప్రింట్‌లో రెండు చేతులే ఉన్నాయి. ఒక వేలికి కుట్టుపనిలో తొడుక్కునే లోహపు టోపీ. ఓకీఫ్ తన బట్టలు తనే కుట్టుకునేది. వేళ్లు పొడుగ్గా, గోళ్ల దగ్గర వెలుగుతో, పల్లేడియం కాగితం ఇచ్చే గోధుమ ఛాయలో ఉంటాయి. యుద్ధం వల్ల ప్లాటినం దొరకడం కష్టమై ఆ కాగితం వచ్చింది, ఆ వెచ్చటి రంగు ఈ ఫొటోలకు అచ్చొచ్చింది. వాటిల్లో చేతులు ఏ పనీ చెయ్యడం లేదు, పని గుర్తొచ్చేలా మాత్రం ఉన్నాయి.

1921 ఫిబ్రవరిలో న్యూయార్క్ ఆండర్సన్ గ్యాలరీస్‌లో స్టీగ్లిట్జ్ ప్రదర్శన. దాదాపు 145 ప్రింట్లలో 45 ఓకీఫ్‌వి, కొన్ని నగ్నంగా. జనం విరగబడ్డారు. కేటలాగులో ఆమె పేరు లేదు. ‘ఒక స్త్రీ’ అని ఉంది, దాని కింద చేతులు, పాదాలు, మొండెం అని విభాగాలు. ఆ స్త్రీ ఎవరో తెలియనివాళ్లు ఆ గదిలో తక్కువ. పేరు లేకపోవడం ఏదీ దాచలేదు. చిత్రకారిణిగా ఆమె అప్పటికి గట్టిగా నిలదొక్కుకోలేదు, చాలామందికి ఆమె బొమ్మల కంటే ముందు ఆమె ఒళ్లు పరిచయమైంది.

దాని ఖరీదు 1923లో తెలిసింది. అదే గ్యాలరీలో ఆమె నూరు చిత్రాలు పెడితే, విమర్శకులు రంగుల గురించి రాయాల్సిన చోట ఫొటోల్లో చూసిన శరీరం గురించి రాశారు. మనసు లోతుల్లో లైంగిక కోరికల్ని వెతికిన ఫ్రాయిడ్ ఆలోచనలు ఫ్యాషన్‌గా ఉన్న రోజులవి. పువ్వు గీసినా కొండ గీసినా అందులో ఆడతనపు రహస్యమే కనబడింది వాళ్లకి. ఆ వ్యాఖ్యానాలు నచ్చకే, వస్తువును వస్తువుగా గియ్యడానికి గట్టిగా ప్రయత్నిస్తున్నానని ఆమె రచయిత షెర్వుడ్ ఆండర్సన్‌కి ఉత్తరం రాసింది. అమెరికన్ చిత్రకళలో ఒక మలుపు వెనక ఫొటోల మీద చిరాకు కూడా కొంత ఉందన్నమాట.

ఆ వరసలోనే చివరి ఏళ్ల ఫొటోలు వేరుగా ఉంటాయి. 1929 నుంచి ఆమె వేసవుల్లో న్యూమెక్సికో వెళ్లడం మొదలైంది, కారు నడపడం నేర్చుకుంది. 1933 ఫొటోలో మళ్లీ చెయ్యే, చేతికి వెండి కడియం. కానీ ఆ చెయ్యి ఆమె ఫోర్డ్ కారు చక్రం మీద ఉంది. 1919 చేతుల్ని స్టీగ్లిట్జ్ అమర్చినట్టు కనబడుతుంది. ఈ చెయ్యి ఎక్కడికో బయల్దేరబోతూ కాస్త ఆగినట్టు ఉంటుంది.

స్టీగ్లిట్జ్ 1946లో చనిపోయాడు. ఆయన ప్రింట్లన్నిటినీ వడకట్టి, మ్యూజియాలకు పంచే పని ఓకీఫ్ మీద పడింది. 1949లో వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీకి 1,311 ఫొటోలు కానుకగా ఇచ్చింది. తన ఫొటోలు మాత్రం తన ఆస్తిగానే అట్టిపెట్టుకుంది. ఆ 331 ఫొటోల్ని అదే గ్యాలరీకి రాసిచ్చింది 1980లో, తొంభై దాటాక. ఈ మధ్యలో, 1978లో, వాటిల్లో కొన్ని న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రదర్శనకు వచ్చాయి. వాటితో వచ్చిన పుస్తకం అట్ట మీద ఆమె పేరుంది, లోపల ముందుమాట ఆమెదే.

అరవై ఏళ్ల కిందటి తన ముఖాలు చూస్తూ, ఈ మనిషి ఎవరా అనిపిస్తోందని అందులో రాసింది. ఆ తర్వాత ఫొటోలు తీసిన రోజుల గురించి చెప్పింది. మందకొడి గాజు పలకలు, మూడు నాలుగు నిమిషాలు కదలకూడదు. సరిగ్గా అప్పుడే కన్ను ఆర్పుతాం, మూతి అదురుతుంది, చెవి దురద పెడుతుంది, చేతులు నొప్పెడతాయి. తను కదిలి చాలా ఫొటోలు పాడుచేసేదట. పాడైనప్పుడల్లా ఇంట్లో పెద్ద రభస అయ్యేదట.